ట్రాక్టర్ లాగుద్ది సరే, ఆపుద్దా? ట్రాలీలు ఎందుకు బోల్తా పడుతున్నాయి

క్లుప్తంగా: ట్రాలీ బోల్తా పడ్డ ప్రతిసారీ డ్రైవర్ స్పీడు, డ్రైవర్ ఫోన్ అంటూ వార్త ముగిసిపోతుంది. అవీ కారణాలే, కాదనలేం. కానీ అసలు చిక్కు బండి కట్టిన తీరులోనే ఉంది. రెండు టన్నుల ట్రాక్టర్ ఆరేడు టన్నుల ట్రాలీని లాగేస్తుంది గానీ ట్రాలీకి సొంత బ్రేకు లేకపోతే దాన్ని ఆపే సత్తా ట్రాక్టర్‌కి ఉండదు. దానికి తోడు ఎత్తుగా వేసిన లోడు, తప్పు చోట పడ్డ బరువు, కాల్వకట్ట మలుపు, పైన కూర్చున్న మనుషులు.

వార్త ఎప్పుడూ ఒకేలా ఉంటుంది

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరప కూలీల ట్రాక్టర్ ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాల్వలో పడి 9 మంది పోయారు. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పత్తి గింజలు పెట్టడానికి పోతున్న కూలీల ట్రాలీ మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. 2022 అక్టోబర్‌లో కాన్పూర్ దగ్గర ఘాటంపూర్‌లో గుడి నుంచి తిరిగొస్తున్న ట్రాలీ చెరువులో తిరగబడి పాతిక మందికి పైగా పోయారు, ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం ట్రాలీల్లో మనుషుల్ని ఎక్కించుకోవద్దని గట్టిగానే చెప్పింది.

ఊర్లు వేరు, రాష్ట్రాలు వేరు, కానీ సీను మాత్రం ఒకటే: సన్నటి కట్ట లేదా మలుపు, పక్కన నీళ్లు, వెనక ట్రాలీ నిండా జనం. ఇన్నిసార్లు ఒకేలా జరిగిందంటే డ్రైవర్లందరూ ఒకే తప్పు చేశారనైనా అనుకోవాలి, లేదంటే ఆ తప్పుని ప్రాణాల మీదకి తెచ్చేది ఆ బండిలోనే ఏదో ఉందనైనా అనుకోవాలి. రెండోదే నిజానికి దగ్గర.

లాగడం వేరు, ఆపడం వేరు

ట్రాక్టర్ కొనేటప్పుడు అందరూ అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. హెచ్‌పీ చెప్పేది ఇంజిన్ సత్తా, చిన్న గేరులో పెడితే 45 హెచ్‌పీ బండి కూడా పెద్ద బరువునే కదిలిస్తుంది. ఆపేటప్పుడు హెచ్‌పీతో పని లేదు, అక్కడ లెక్క అంతా బ్రేకు ఉన్న టైర్ల మీద ఎంత బరువు పడుతోంది, ఆ టైరు రోడ్డుని ఎంత గట్టిగా పట్టుకుంటోంది అన్నదే. మన దగ్గర తిరిగే మామూలు టూవీల్ డ్రైవ్ ట్రాక్టర్లకి బ్రేకు వెనక చక్రాలకే ఉంటుంది, ముందు వాటికి ఉండదు. ఊళ్లో వెల్డింగ్ షాపులో కట్టించిన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకే ఉండదు.

ఒక లెక్క వేసి చూద్దాం, స్థూలంగానే. ట్రాక్టర్ 2 టన్నులు అనుకుందాం, అందులో వెనక ఇరుసు మీద పడేది 1.3 టన్నుల దాకా. ఖాళీ ట్రాలీ టన్నున్నర. అందులో 75 కిలోల ధాన్యం బస్తాలు 65-70 వేస్తే దాదాపు 5 టన్నులు. మొత్తం 8.5 టన్నులు. స్పీడు గంటకి 30 కిలోమీటర్లు, రోడ్డు పొడిగా ఉంది.

ఒంటి ట్రాక్టర్ అయితే బ్రేకు పట్టాక దాదాపు 9 మీటర్లలో ఆగుతుంది. రెండు చక్రాల ట్రాలీ తగిలించి లోడు వేస్తే, ట్రాలీ బరువులో ఓ టన్ను హుక్కు మీద వాలి వెనక టైర్లకి కాస్త పట్టు పెరుగుతుంది కాబట్టి 22 మీటర్ల దగ్గర ఆగుతుంది. అదే నాలుగు చక్రాల ట్రాలీ అయితే దాని బరువు దాని చక్రాల మీదే ఉంటుంది, ట్రాక్టర్‌కి ఆ సాయం కూడా ఉండదు, 38 మీటర్ల పైనే పడుతుంది. ఇదంతా బ్రేకు పట్టుకున్నాక సంగతి, డ్రైవర్ చూసి కాలు వేసేలోపు పోయే సెకనుకి ఇంకో 8 మీటర్లు కలుపుకోవాలి.

ఇప్పుడు ఇదే బండిని చెరువుకట్ట మీద నుంచి దించండి. 10 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు దిగే దిగుడు, పల్లెల్లో ఇది మామూలే. రెండు చక్రాల ట్రాలీతో ఆగడానికి 55 మీటర్ల పైనే కావాలి. నాలుగు చక్రాలదైతే బ్రేకు బలం, దిగుడు లాగే బలం దాదాపు సమానం అయిపోతాయి, అంటే బ్రేకు మీద నిలబడ్డా బండి స్పీడు పెద్దగా తగ్గదు, ఆగడం అనేది దాదాపు ఉండదు. బ్రేకులు ఫెయిల్ అయ్యాయని డ్రైవర్ చెప్పే చాలా కేసుల్లో బ్రేకులు బాగానే ఉండి ఉండొచ్చు, వాటికి సరిపోయే పని కాదది, అంతే. వాన పడి రోడ్డు తడిస్తే, లేదా మీద వరిగడ్డి, బురద ఉంటే ఈ అంకెలు ఇంకా అధ్వాన్నం.

దీనికి రైతులు చేసే ఒక పని నిజంగానే పనికొస్తుంది: వెనక టైర్లలో నీళ్లు నింపడం, చక్రాలకి ఇనప వెయిట్లు బిగించడం. దమ్ములో జారకుండా ఉండటానికి చేసేదే గానీ రోడ్డు మీద బ్రేకు పట్టు కూడా దానితో పెరుగుతుంది. అలాగని టన్నుల కొద్దీ తేడా ఏమీ రాదు.

వెనక నుంచి నెట్టుడు మొదలైతే

లాగుతున్నంత సేపు ట్రాలీ బుద్ధిగా వెనకే వస్తుంది, ఎందుకంటే లాగే బలం దాన్ని తిన్నగా ఉంచుతుంది. బ్రేకు వేసిన క్షణం నుంచి కథ తిరగబడుతుంది, ఇప్పుడు ట్రాలీ ట్రాక్టర్‌ని నెడుతోంది. గొలుసుని లాగితే తిన్నగా వస్తుంది, నెడితే మడత పడుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. ట్రాక్టర్, ట్రాలీ ఒకే గీతలో ఉంటే నెట్టుడు నేరుగా పోతుంది. మలుపులో బ్రేకు వేస్తే మాత్రం ఆ నెట్టుడు హుక్కు దగ్గర అడ్డంగా పడి ట్రాక్టర్ వెనక భాగాన్ని పక్కకి తోసేస్తుంది, వెనక టైర్లు అప్పటికే బ్రేకుతో బిగుసుకుని జారుతుంటే ఆపేదేమీ ఉండదు, ట్రాక్టర్ గిర్రున తిరిగి ట్రాలీకే గుద్దుకుంటుంది లేదా బోల్తా పడుతుంది. అందుకే మలుపులోకి వెళ్లకముందే స్పీడు తగ్గించాలి, మలుపులో బ్రేకు జోలికి పోకూడదు అనేది.

దీన్ని ఇంకా చెడగొట్టే అలవాట్లు రెండు ఉన్నాయి. మొదటిది దిగుడులో డీజిల్ మిగులుద్దని న్యూట్రల్ చేసెయ్యడం లేదా క్లచ్ తొక్కి వదిలెయ్యడం. ఇంజిన్ పట్టుకునే పట్టు వెనక చక్రాలకి ఎంతో కొంత అందుతుంది, బ్రేకులు వేడెక్కకుండా కాపాడేది అదే, న్యూట్రల్ చేస్తే అది పూర్తిగా పోయినట్టే. పైగా స్పీడు అందుకున్నాక మళ్లీ గేరు పడటం చాలా కష్టం, చాలా ట్రాక్టర్ల గేర్‌బాక్స్ కదలికలో గేరు మార్చడానికి తయారైంది కాదు. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలి, అదీ దిగుడు మొదలవ్వకముందే వేసుకోవాలి.

రెండోది బ్రేకు పెడళ్ల లాక్. ట్రాక్టర్‌కి కుడి చక్రానికొక పెడల్, ఎడమ చక్రానికొక పెడల్ ఉంటాయి, పొలంలో చాలు చివర బండి చటుక్కున తిప్పడానికి ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డెక్కేటప్పుడు ఆ రెండిటినీ కలిపే పట్టీ వేయాలి. పొద్దున దున్ని సాయంత్రం లోడుకి పోయే బండిలో ఈ పట్టీ మర్చిపోవడం చాలా తేలిక, అప్పుడు కంగారులో కాలు ఒక్క పెడల్ మీదే పడితే ఒక చక్రం ఆగి రెండోది తిరుగుతూ ఉంటుంది, వెనక నుంచి ట్రాలీ నెడుతూ ఉంటుంది, బండి ఆగిన చక్రం వైపుకి విరుచుకుపడుతుంది. వేలితో వేసే చిన్న ఇనప ముక్క, అంతే తేడా.

ఎత్తు, మలుపు, కట్ట అంచు

పక్కకి బోల్తా పడటం వెనక లెక్క కూడా కష్టమైందేం కాదు. రెండు చక్రాల మధ్య దూరంలో సగం తీసుకుని బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉందో దానితో భాగిస్తే బండి ఎంత పక్క బలం తట్టుకుంటుందో తెలుస్తుంది. ట్రాలీ చక్రాల మధ్య మీటరున్నర దూరం అనుకుంటే, ధాన్యం బస్తాలు వేసినప్పుడు బరువు కేంద్రం 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అప్పుడు బండి తన బరువులో సగానికి పైగా పక్క బలాన్ని తట్టుకోగలదు. వరిగడ్డి కొండలా పేర్చితే కేంద్రం 2.2 మీటర్లకి పోతుంది, తట్టుకునేది మూడో వంతుకి పడిపోతుంది.

15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 25 కిలోమీటర్ల స్పీడుతో తిరిగితే పుట్టే పక్క బలం సరిగ్గా ఆ మూడో వంతే. అదే 15 స్పీడుతో తిరిగితే ఎనిమిదో వంతు కూడా ఉండదు. 25 అంటే అంత స్పీడేం కాదు, సైకిల్ కుర్రాడు కూడా తొక్కుతాడు, కానీ గడ్డి ట్రాలీకి అది హద్దు. ఈ లెక్కలో టైర్లు నొక్కుకుపోవడం, లోడు జరగడం కలపలేదు, అవి కలిస్తే హద్దు ఇంకా కిందకొస్తుంది. స్పీడు సగం చేస్తే పక్క బలం పావు అవుతుంది, ఇంత చవగ్గా దొరికే రక్షణ ఇంకోటి లేదు.

నాలుగు చక్రాల ట్రాలీలో ఇంకో మెలిక ఉంది. దాని ముందు ఇరుసు హుక్కు కమ్మీతో పాటు తిరిగే రకం, బాగా మడిచి తిప్పితే ముందు చక్రాలు రెండూ ట్రాలీ మధ్యకి వచ్చేసినట్టు అయిపోతాయి, నాలుగు కాళ్ల మంచం కాస్తా మూడు కాళ్లది అవుతుంది. అందుకే ఈ ట్రాలీలు నిదానంగా పోతున్నా యూటర్న్‌లో పడిపోతుంటాయి, చూసినోళ్లకి ఎందుకు పడిందో అర్థం కాదు.

కాల్వకట్టల దగ్గర రోడ్డు కూడా బండికి ఎదురు తిరుగుతుంది. కట్ట అంచున మట్టి వదులుగా ఉంటుంది, నీళ్లు పారే రోజుల్లో లోపల నాని ఉంటుంది, ఎదురుగా బైకో ఆటోనో వస్తే సైడు ఇవ్వడానికి ఎడమ చక్రం అంచుకి పోతుంది. ట్రాక్టర్ దాటేసినా ట్రాలీ దాటుతుందని గ్యారంటీ లేదు, ఎందుకంటే మలుపులో ట్రాలీ చక్రాలు ట్రాక్టర్ వెళ్లిన దారిలో కాకుండా లోపలి వైపుకి కోసుకుంటూ వస్తాయి. ముందు చూసుకుంటూ నడిపే డ్రైవర్‌కి వెనక ట్రాలీ చక్రం కింద మట్టి జారుతోందని తెలిసేసరికే అది వాలిపోయి ఉంటుంది.

బరువు ఎక్కడ పడాలి

రెండు చక్రాల ట్రాలీ ఒక తక్కెడ లాంటిదే, ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంది. లోడు కాస్త ముందుకి ఉండాలి, హుక్కు మీద కొంత బరువు వాలాలి. వెనక ఎక్కువైతే ట్రాలీ హుక్కుని పైకి ఎత్తుతుంది, వెనక టైర్ల పట్టు పోతుంది, ఎక్కుడులో చక్రాలు తిరుగుతూ బండి కదలదు, దిగుడులో బ్రేకు పట్టదు. ముందు మరీ ఎక్కువైతే ట్రాక్టర్ వెనక కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ముందు బంపర్‌కి వెయిట్లు తగిలించేది దీనికే.

హుక్కు ఎత్తు గురించి చాలామందికి పట్టింపు ఉండదు. లాగే బలం వెనక ఇరుసు కంటే కిందగా ఉండాలి. బురదలో దిగబడ్డ ట్రాలీని బయటకి లాగాలని పైన టాప్ లింకు (వెనక పనిముట్లు తగిలించే పై కమ్మీ) దగ్గర గొలుసు కట్టి, చిన్న గేరులో క్లచ్ ఒక్కసారి వదిలితే చక్రాలు తిరగలేక ట్రాక్టరే ఇరుసు చుట్టూ పైకి లేస్తుంది. ముందు లేచి వెనక్కి తిరగబడటానికి పట్టే టైము ఒకటిన్నర సెకను లోపే, డ్రైవర్ మళ్లీ క్లచ్ తొక్కే టైము ఉండదు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకి డ్రైవర్ చుట్టూ గట్టి ఫ్రేము తప్పనిసరి చేసింది ఇందుకే. మన పొలాల్లో తిరిగే బండ్లకి ఎక్కువగా కనిపించేది ఎండకి వేసుకున్న టాపు మాత్రమే, అది నీడకే.

ఇక ట్రాలీని హుక్కుకి బిగించే పిన్ను. కంపెనీ పిన్ను పోతే ఏదో రాడ్డు ముక్క దోపడం, కింద లాక్ బదులు తీగ చుట్టడం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. గుంటలో పడి లేచినప్పుడు ఆ రాడ్డు పైకి ఎగిరితే ట్రాలీ రోడ్డు మీద సొంతంగా పోతుంది. పిన్నుతో పాటు ఒక గొలుసు కూడా అడ్డంగా కట్టి ఉంటే కనీసం ఎదురొచ్చేవాళ్ల మీదకి పోకుండా ఆగుతుంది.

అమెరికా హైవే మీద ఇంకో రకం గొడవ

అక్కడ ఉండే మనవాళ్లు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ఇల్లు మారేటప్పుడు యూహాల్ అనే కంపెనీ ట్రైలర్ అద్దెకి తీసుకుని కారుకి తగిలిస్తుంటారు. అక్కడి సమస్య ఆపడం కంటే ఊగడం. స్పీడు పెరిగే కొద్దీ ట్రైలర్ తనంతట తాను సర్దుకునే గుణం తగ్గిపోతుంది, ఒక హద్దు దాటాక చిన్న గాలి తోపు, పక్క నుంచి పెద్ద ట్రక్కు దాటడం చాలు, ట్రైలర్ తోకలా ఊగడం మొదలై ప్రతి ఊపుకీ పెరుగుతూ పోతుంది. యూహాల్ వాళ్లు లోడులో 60 శాతం ముందు సగంలో వేయమని, 55 మైళ్లు దాటొద్దని చెప్పేది దీనికే, కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే బండికి చట్టమే 55 అని పెట్టింది. అమెరికాలో మామూలుగా పాటించే లెక్క, ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలి అని.

ఊగుడు మొదలైతే చెయ్యాలనిపించే పనులన్నీ తప్పు పనులే: స్టీరింగ్ ఎదురు తిప్పడం, బ్రేకు కొట్టడం, స్పీడుతో దాన్ని దాటేద్దామనుకోవడం. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలెయ్యడమే సరైనది. ట్రైలర్‌కి విడిగా బ్రేకు ఉంటే దాన్ని మాత్రం మెల్లగా వాడొచ్చు, అది వెనక్కి లాగి తిన్నగా చేస్తుంది. ట్రాక్టర్ స్పీడులో ఇంత ఊగుడు రాదు గానీ, మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటకల్లో చెరకు సీజన్‌లో ఒకే ట్రాక్టర్‌కి రెండు ట్రాలీలు కట్టి లాగుతారు, అక్కడ ముందు ట్రాలీ కాస్త పక్కకి జరిగితే వెనకది ఇంకా ఎక్కువ జరుగుతుంది.

మనుషులు ఎక్కితే

పాతిక మంది కూలీలు అంటే టన్నుంబావు, ధాన్యం లోడులో పావు వంతే, కాబట్టి డ్రైవర్‌కి బండి తేలిగ్గా, హుషారుగా అనిపిస్తుంది, స్పీడు దానంతటదే పెరుగుతుంది. కానీ బస్తా కదలదు, మనిషి కదులుతాడు. ట్రాలీ అంచు మీద కూర్చుంటారు, నిలబడతారు, గుంట వస్తే అందరూ ఒకేసారి ఒకే వైపు తూలుతారు, సరిగ్గా బండి వాలే టైములో. పట్టుకోవడానికేమీ ఉండదు, తిరగబడితే టన్నున్నర ఇనప తొట్టి మూతలా మీద పడుతుంది, కింద నీళ్లుంటే ఇంక బయటపడే దారే ఉండదు. లోతు తక్కువ కాల్వల్లో కూడా అంతమంది పోవడానికి కారణం ఇదే.

వద్దంటే ఆగిపోయే పని కూడా కాదిది. నాట్ల టైములో, మిరప కోతల టైములో ముఠా మేస్త్రి పొద్దున్నే పక్కూరికి ముప్పై మందిని చేర్చాలి, ఆ టైముకి బస్సు ఉండదు, నాలుగు ఆటోలకి ఎవరు డబ్బులిస్తారు, రైతు తన ట్రాక్టర్ పంపుతాడు.

చట్టంలో ట్రాక్టర్ ఎవరు

1988 మోటారు వాహనాల చట్టం ట్రాక్టర్‌ని తన మీద బరువు మోయడానికి తయారు చేయని బండి అంటుంది, ట్రైలర్‌ని విడి వాహనంగా చూస్తుంది. అందుకే ట్రాలీకి రిజిస్ట్రేషన్ వేరేగా ఉండాలి. మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టుకోవడం ఎంత మామూలైపోయినా అది సీటు కాదు. లైసెన్సు విషయంలో ఊరట ఉంది: ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్సు చెల్లకుండా పోదని 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఊరట లేదు. వ్యవసాయానికి మాత్రమే పాలసీ ఉన్న ట్రాక్టర్ ట్రాలీలో ఇటుక బట్టీకి మట్టి తోలుతూ ఒక కూలీ దెబ్బతిన్న కేసు 2007లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. పాలసీ ప్రకారం కంపెనీ బాధ్యత లేదంది కోర్టు, అయినా బాధితుడి పరిస్థితి చూసి తన ప్రత్యేక అధికారంతో ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని చెప్పింది. అంటే చివరికి ఆ భారం వచ్చి పడేది బండి ఓనర్ మీదే.

ట్రాలీకి బ్రేకు పెట్టడం అంత కష్టమా

కాదు. యూరప్‌లో కారు వెనక లాగే ట్రైలర్ మొత్తం బరువు 750 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకు ఉండి తీరాలి. మన దగ్గర దానికి ఎనిమిది తొమ్మిది రెట్లు బరువున్న ట్రాలీలు బ్రేకు లేకుండా తిరుగుతున్నాయి. అక్కడి చిన్న ట్రైలర్లలో కరెంటు, గాలి ఏదీ అక్కర్లేని ఏర్పాటు ఒకటి ఉంటుంది: ముందు బండి స్లో అయితే ట్రైలర్ వెనక నుంచి నెడుతుంది కదా, ఆ నెట్టుడుకి హుక్కు దగ్గర ఒక రాడ్డు లోపలికి నొక్కుకుని ట్రైలర్ చక్రాలకి బ్రేకు వేస్తుంది. ప్రమాదం తెచ్చే బలాన్నే బ్రేకుగా వాడుకోవడం అన్నమాట. ఇక్కడ కూడా రవాణా కోసమని వచ్చే కొన్ని పెద్ద ట్రాక్టర్లకి ట్రాలీ బ్రేకు కనెక్షన్ కంపెనీ నుంచే వస్తోంది. కానీ తగిలించే ట్రాలీ ఊళ్లో కట్టించింది, దాని ఇరుసు పాత లారీది, టైర్లు రీబటన్‌వి, బ్రేకు డ్రమ్ము ఉన్నా లోపల ఏమీ ఉండదు, కాబట్టి ఆ కనెక్షన్ ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. ట్రాలీ కట్టించేటప్పుడు తొట్టి రేకు మందం, రంగు, డోరు మీద రాయించే పేరు గురించి గంటసేపు మాట్లాడుకుంటారు, బ్రేకు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. షాపు అతను కూడా అడిగిందే కడతాడు.